అమ్మానాన్నలతో ఒక రోజు: పోవిస్ కోట, తోటలు (వేల్స్). వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

మాధవి_బర్మింగ్‌హామ్ | ఏప్రిల్ 28, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గుత్తి నుంచి వచ్చి రెండు వారాలైంది. మూడు నెలలు ఉంటారు. నాన్నకు అప్పుడే ఇంట్లో కాలు నిలవడం లేదు. లండన్ తీసుకెళ్తే, ఆ రద్దీ చూసి "దీనికంటే మన గుంతకల్లు జంక్షన్ నయం" అన్నారు. అమ్మకేమో పూలు, చెట్లు ఉంటే చాలు.

మే చివరి వారం బడి సెలవుల్లో ఒక రోజు ఎక్కడికైనా తీసుకెళ్ళాలి. పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరాలి. మంచి తోట ఉండాలి, లోపల తిరిగి చూసే పాత భవంతి ఉండాలి. మేము ఆరుగురం: నేను, మావారు, తొమ్మిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు, అమ్మ (మోకాళ్ళ నొప్పులు), నాన్న (రిటైరైన సోషల్ మాస్టారు, ఎక్కడ బోర్డు కనిపించినా చివరి అక్షరం దాకా చదవనిదే కదలరు).

చాట్స్‌వర్త్ అనుకున్నాం గానీ, మా ఆఫీసులో ఒకావిడ పోవిస్ కోటకు వెళ్ళమంటోంది. రాబర్ట్ క్లైవ్ ఉన్న కోట అట కదా? ముసలివాళ్ళతో, పిల్లలతో వీలవుతుందా?

తోటపని_తాత | ఏప్రిల్ 28, రాత్రి 10:15

ష్రూస్‌బరీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, పోవిస్ మాకు పెరటి తోట లాంటిది. మే చివరికి వెళ్తున్నారంటే మీ అమ్మగారి అదృష్టం. మెట్ల వసారాల గోడల మీద విస్టేరియా ఊదా గుత్తులుగా వేలాడుతుంటుంది, ఎదురు గుట్ట మీద రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి.

చాట్స్‌వర్త్ గొప్పదే, కాదనను. కానీ అది ఒక్క రోజులో అయ్యే పని కాదు, చూసినదానికంటే చూడనిదే ఎక్కువ మిగిలిపోయి మనసులో పీకుతుంది. పోవిస్ ఒక్క రోజుకు సరిగ్గా సరిపోతుంది. కొండ కొమ్మున ఎర్రరాతి కోట, దాని కిందే కొండను నిలువుగా చెక్కి ఒకదాని కింద ఒకటిగా వేసిన పొడవాటి వసారాలు. 17వ శతాబ్దం చివర్లో ఇటలీ తోటల పద్ధతిలో వేశారు. పైన నిలబడితే కింద పెద్ద పచ్చిక బయలు, ఆవల కొండలు, ఆ కొండల వెనక ఇంగ్లండు.

మోకాళ్ళ సంగతి మాత్రం నిజం చెప్పాలి. ఏటవాలు దారులు ఎక్కువ. పై వసారా, కోట ముంగిలి చూపించి, కింది తోటకు మెట్ల మీదుగా కాకుండా చుట్టుదారిన నిదానంగా తీసుకెళ్ళండి. చేతికర్ర తప్పనిసరి.

కోఠి_కాలేజి | ఏప్రిల్ 28, రాత్రి 11:02

మాధవి గారూ, ఒక చిన్న దిద్దుబాటు. రాబర్ట్ క్లైవ్ ఆ కోటలో కాపురం ఉన్నవాడు కాదు. ఆయన 1774లోనే పోయాడు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ 1784లో పోవిస్ వారి ఆడపడుచు హెన్రియెటా హర్బర్ట్‌ను చేసుకున్నాడు. పేరూ కోటా పెళ్ళికూతురివి, డబ్బు పెళ్ళికొడుకుది. హెన్రియెటా అన్నకు పెళ్ళి కాలేదు, 1801లో పోయాడు. మూడేళ్ళకు ఎడ్వర్డ్‌కు పోవిస్ ఎర్ల్ అనే బిరుదు ఇచ్చారు. క్లైవ్ సొత్తు ఆ ఇంటికి చేరింది ఇలా. తర్వాత వీళ్ళ కొడుకు క్లైవ్ పేరు వదిలేసి హర్బర్ట్ అని పెట్టుకున్నాడు. ఇల్లరికం అంటే అదీ!

మీ నాన్నగారు సోషల్ మాస్టారంటున్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఈ ఎడ్వర్డ్ క్లైవే 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. మీది గుత్తి. మిగతాది ఆయనే చెప్తారు, నేను చెప్పి రుచి చెడగొట్టను.

రైలు_పిచ్చి | ఏప్రిల్ 29, ఉదయం 7:20

కారు లేకపోయినా ఫరవాలేదు. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి వెల్ష్‌పూల్‌కు ష్రూస్‌బరీ మీదుగా నేరుగా రైలుంది, సుమారు గంటన్నర. స్టేషను నుంచి కోట నడిచి వెళ్ళగలిగిన దూరమే, కానీ మీ అమ్మగారికి వద్దు, టాక్సీ మాట్లాడుకోండి.

అసలు సంగతి, వెల్ష్‌పూల్‌లో బొగ్గింజను చిన్న రైలు ఉంది. రెండున్నర అడుగుల పట్టా, 1903 నాటిది. లాన్‌వైర్ అనే ఊరి దాకా ఎనిమిదిన్నర మైళ్ళు కొండల్లో ఊగుతూ వెళ్తుంది. మీ మూడేళ్ళ బాబుకు కోట గీట ఏం పడుతుంది, ఇది చూపించండి.

తోటపని_తాత | ఏప్రిల్ 29, ఉదయం 8:05

రైలు గారు ఏ చర్చలోకి వచ్చినా చివరికి పట్టాల మీదికే తీసుకెళ్తారు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ చెడతాయి మాధవి గారూ. రైలు ఇంకోసారి.

రైలు_పిచ్చి | ఏప్రిల్ 29, ఉదయం 8:11

ఒప్పుకోను. కానీ ముసలివాళ్ళు ఉన్నారు కాబట్టి ఊరుకుంటున్నాను.

ఇద్దరు_పిల్లల_తల్లి | ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:30

పోయిన ఏడాది వెళ్ళాం. నేను నేర్చుకున్న పాఠాలు ఇవి. తోట ముందే తెరుస్తారు, కోట గదులు తర్వాత తెరుస్తారు, వేళలు వెళ్ళేముందు చూసుకోండి. పిల్లల తోపుడు బండి మెట్లున్న చోట గుదిబండ, వీపుకు కట్టుకునే సంచీ మేలు. ఈ కోటను చూసుకునే నేషనల్ ట్రస్టు అనే సంస్థలో సభ్యత్వం ఉంటే టికెట్టు అక్కర్లేదు, ఏడాదిలో నాలుగైదు చోట్లకు వెళ్ళేవాళ్ళకు అదే గిట్టుబాటు.

తోటలో పెద్ద కంచెలుగా పెంచినవి యూ చెట్లు. ఆకు, గింజ అన్నీ విషం. మీ బాబు దొరికినదల్లా నోట్లో పెట్టుకునే రకమైతే చేయి వదలకండి. నెమళ్ళు కూడా ఉన్నాయి. అన్నం గిన్నె జాగ్రత్త!

మాధవి_బర్మింగ్‌హామ్ | ఏప్రిల్ 29, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. పోవిస్ ఖాయం. కోఠి గారి మాట నాన్నకు చదివి వినిపించాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "1800" అన్నారు, అంతే. రాత్రి భోజనం దగ్గర కూడా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉన్నారు. వెళ్ళొచ్చాక రాస్తాను.

మాధవి_బర్మింగ్‌హామ్ | మే 30, రాత్రి 10:25

వెళ్ళొచ్చాం! రెండు రోజులైంది, కాళ్ళ నొప్పులు ఇప్పుడే తగ్గాయి. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

తెల్లవారుజామున అమ్మ లేచి చిత్రాన్నం కలిపింది. ఒబ్బట్లు ముందురోజే చేసి పెట్టింది. కారులో ఆరుగురం, ఒక వాన గొడుగు, రెండు డబ్బాలు. ష్రూస్‌బరీ దాటాక దారి పొడవునా గొర్రెలు. నాన్న వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట పది దగ్గర మానేసి, "మన అనంతపురం గొర్రెకూ దీనికీ పోలికే లేదు, ఇవి గొర్రెలు కావు, దిండ్లు" అని తేల్చారు.

కోట చూడగానే పాప అడిగింది, "తాతా, ఇది గుత్తి కోట కంటే పెద్దదా?" అని. నాన్న పకపకా నవ్వారు. గుత్తి కోట చూసినవాళ్ళకు ఆ నవ్వు అర్థమవుతుంది. ఆ కొండ ముందు ఇది పొదరిల్లు. కానీ ఇక్కడ రాయి ఎరుపు, నిజంగానే ఎర్రమట్టి ఎరుపు. వేల్స్ భాషలో దీన్ని ఎర్రకోట అనే పిలిచేవారట. ఆ మాట వినగానే అమ్మ, "ఢిల్లీలో చూడనిది ఇక్కడ చూశాం" అంది.

ముంగిట్లో అడుగు పెట్టామో లేదో, ఒక మగ నెమలి పింఛం విప్పి మా దారికి అడ్డంగా నిలబడింది. మీరు ఇంటి గోడ మీద కూర్చున్న నెమలిని దూరం నుంచి చూసి ఉంటారు. ఇది మూడు అడుగుల దూరంలో ఉంది. పింఛం వణుకుతుంటే ఎండుటాకుల మీద వాన పడ్డట్టు ఒక చప్పుడు వస్తుంది, అది నాకు ఇంతవరకూ తెలియదు. బాబు భయపడి వాళ్ళ నాన్న మెడ పట్టుకున్నాడు. నాన్న మాత్రం "ఇది కూడా మన దేశం నుంచి తెచ్చుకున్నదే" అన్నారు. ఆ రోజు ఆ మాట అనడం అదే మొదలు, చివర కాదు.

ముందు తోటలోకి దిగాం. తోటపని తాతగారు చెప్పిన చుట్టుదారే పట్టాం, వేయి దండాలు. ఒక వసారా పిట్టగోడ మీద సీసంతో పోతపోసిన గొర్రెలకాపరులు, వాళ్ళ జతగత్తెలు వరుసగా నాట్యం చేస్తున్నట్టు నిలబడ్డారు. దూరానికి రాయి అనుకుంటాం, తాకితే లోహపు చల్లదనం. గోడల నిండా విస్టేరియా. అమ్మ ఒక గుత్తిని అరచేతిలో తూకం వేసినట్టు పట్టుకుని చాలాసేపు చూసింది. తెంపుతుందేమోనని నా గుండె దడదడలాడింది. తెంపలేదు. "మన మునగపూత ఇంకా బరువు" అని వదిలేసింది.

ఆ యూ చెట్ల గురించి తాతగారు రాస్తే బాగుంటుంది. నాకు అవి చెట్లలా అనిపించలేదు. పై నుంచి ఆకుపచ్చని లావా గోడ మీదికి పొర్లి గడ్డకట్టినట్టుంది.

మిగతాది రేపు.

తోటపని_తాత | మే 31, ఉదయం 6:40

బాగా చెప్పారు, పొర్లడమే. నాటినప్పుడు అవి చిన్న చిన్న శంకువులు. 18వ శతాబ్దం మొదట్లో మనిషి ఎత్తు దాటకుండా కత్తిరించి, వరుసగా నిలబెట్టినవి. తర్వాత కాలానికి అభిరుచి మారింది, చెట్టు దాని ఇష్టానికి పెరగాలన్నారు, కత్తెర మూలపడింది. అవి పెరిగి, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, ఆ తర్వాత మళ్ళీ కత్తెర పట్టేసరికి ఇదిగో, ఈ మేఘాల ఆకారాలు వచ్చాయి. ఎవరూ గీసిన నమూనా కాదు. కొంత శ్రద్ధ, కొంత అశ్రద్ధ కలిసి చేసిన శిల్పం. కొన్ని చోట్ల 14 మీటర్ల ఎత్తు ఉంటాయి. ఇప్పుడు యంత్రపు చేతి చివర తొట్టెలో నిలబడి వారాల తరబడి కత్తిరిస్తారు. పూర్వం పొడవాటి నిచ్చెనలు కట్టి చేసేవారు. ఆ ఏటవాలు మీద నిచ్చెన వేసినవాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

గోదారి_గట్టు | మే 31, ఉదయం 9:15

మాధవి గారూ, అంతా బాగుంది గానీ, చిత్రాన్నం ఏమిటండీ, పులిహోర అనండి.

మాధవి_బర్మింగ్‌హామ్ | మే 31, ఉదయం 9:32

మా అమ్మ కలిపితే చిత్రాన్నం. మీ అమ్మగారు కలిపితే పులిహోర. నెమలికి రెండూ ఒకటే. అది కూడా చెప్తాను.

మాధవి_బర్మింగ్‌హామ్ | మే 31, రాత్రి 9:50

రెండో భాగం.

మధ్యాహ్నం పచ్చిక మీద దుప్పటి పరిచి డబ్బా మూత తీశాం. బాబు చేతిలో ఒక ముద్ద. రెప్పపాటులో వెనక నుంచి ఒక నీలిమెడ వచ్చి, ముద్దను కాదు, ముద్దలోని పల్లీని ఏరుకుని పోయింది! పిల్లవాడు ఏడవడం కూడా మరిచిపోయి తన అరచేతి వంకే చూస్తున్నాడు. అన్నం ఉంది, పల్లీ లేదు. నాన్న అన్నారు, "అనంతపురం చెనక్కాయ రుచి దానికి కూడా తెలిసిపోయింది." వాటికి మనుషుల తిండి పెట్టకూడదని నాకు తెలుసు, కోప్పడకండి, మేము పెట్టలేదు, అదే తీసుకుంది.

తర్వాత కోట లోపలికి. పొడవాటి నడవా ఒకటి ఉంది, 16వ శతాబ్దం చివరిది. వెడల్పాటి చెక్క పలకలు నాలుగు వందల ఏళ్ళకు వంగి, నడుస్తుంటే పడవలో ఉన్నట్టుంటుంది. రాజులకోసం అలంకరించిన పడకగదిలో మంచం చుట్టూ పిట్టగోడ లాంటి కటకటాలున్నాయి. అంత దూరంలో నిలబడి దండం పెట్టుకోవాలి కాబోలు. "గర్భగుడిలా ఉందే" అని అమ్మ.

చివరికి క్లైవ్ సామాను ఉన్న గది. గుడ్డలు వెలిసిపోకుండా వెలుతురు తగ్గించి ఉంచారు. దంతపు బొమ్మలు, ఆయుధాలు, హుక్కాలు. ప్లాసీలో సిరాజుద్దౌలా వదిలి పారిపోయాడని చెప్పుకునే పల్లకీ ఒకటి. ఇవన్నీ నేను గబగబా దాటేశాను, బాబు ఆగడం లేదు. నాన్న ఒక అద్దాల బీరువా ముందు ఆగిపోయారు.

టిప్పు సుల్తాను సింహాసనం మీది పులి తల.

నేను ఎంతో పెద్దదిగా ఊహించుకున్నాను. జామకాయంత ఉంటుందేమో. బంగారు రేకు, దాని మీద చారల వరుసలో రాళ్ళు పొదిగారు: కెంపులు, పచ్చలు, వజ్రాలు. నోరు తెరిచి ఉంది, పళ్ళు కనిపిస్తాయి. కోపంగా ఉందా అంటే లేదు. ఇంత చిన్న దానికి ఎంత కోపం పడుతుంది? ఏదో అనబోతుండగా నోరు అలాగే ఉండిపోయినట్టుంది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడ్డాక ఆ సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. ఈ ముక్కను గవర్నర్ జనరల్ వెలస్లీ హెన్రియెటా క్లైవ్‌కు కానుకగా ఇచ్చాడు.

పాప అడిగింది, "తాతా, మిగతా సింహాసనం ఏది?" నాన్న "పంచుకున్నారమ్మా" అన్నారు. "కుర్చీని ముక్కలు చేస్తే ఇక కూర్చునేది ఎవరు?" అంది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పిన మనిషి.

గదిలో కాపలాగా కూర్చున్న పెద్దావిడ మా మాటలు విని, ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. నాన్న వచ్చిన ఇంగ్లీషులో గుత్తి అన్నారు. ఆవిడకు తెలియదు. అప్పుడు ఆయన జేబులోంచి కారు పార్కింగు కాగితం తీసి, వెనక పటం గీయడం మొదలుపెట్టారు. కింద శ్రీరంగపట్నం ఒక చుక్క. పైన గుత్తి ఒక చుక్క. చుట్టూ బళ్ళారి, అనంతపురం, కడప. "ఇది టిప్పుది. ఓడిపోయాక నిజాంకు వాటా వచ్చింది. నిజాం తన దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద 1800లో కంపెనీకి రాసిచ్చాడు. మద్రాసు గవర్నరు ఎవరు? ఈ ఇంటి అల్లుడు. మా తాతల తాతలు ఈ ఇంటి అల్లుడి కింద శిస్తు కట్టారు." నేను ఇంగ్లీషులోకి మారుస్తూ పోయాను. దత్త మండలాలు అనే మాట దగ్గర నా ఇంగ్లీషు ఆగిపోయింది. 'ఇచ్చేసినవి' అన్నాను. ఎవరు ఎవరిని అడిగి ఇచ్చారని ఆవిడే అడిగింది. ఎవరినీ అడగలేదు అన్నారు నాన్న.

ఆవిడ ఆ కాగితం దాచుకోవచ్చా అంది. నాన్న తటపటాయించి, "దీని వెనక మా బండి పార్కింగు ఉందమ్మా, మళ్ళీ జరిమానా వేస్తారు" అని జేబులో పెట్టుకున్నారు. మావారు వేరే కాగితం ఇచ్చి మళ్ళీ గీయించారు. రెండోసారి గీసిన దాంట్లో గుత్తి కొంచెం పెద్దదైంది.

బందరు_బాదుషా | మే 31, రాత్రి 10:44

చదివి చాలాసేపు ఊరుకున్నాను. టిప్పు పులి అంటే మనిషిని కరుస్తున్న చెక్కపులి, లోపల వాయిద్యం ఉన్నది అనుకునేవాణ్ణి, అది వేరే కదూ?

కోఠి_కాలేజి | మే 31, రాత్రి 10:58

అది వేరే. ఆ చెక్కపులి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పోవిస్‌లోది సింహాసనపు కటకటాల చివరన బిగించిన చిన్న తలల్లో ఒకటి. సింహాసనం ముందుభాగంలోని పెద్ద పులి తల, పైన ఉండే హుమా అనే పురాణ పక్షి బొమ్మ విండ్సర్‌కు, రాజుగారింటికి వెళ్ళాయి.

మాస్టారు గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన పటంలో నాకు ఇంకో చుక్క కావాలి, హైదరాబాదు. 1800 అక్టోబరులో నిజాంతో ఆ ఒప్పందం కుదిర్చింది అక్కడి రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ కిర్క్‌పాట్రిక్. ఆయనే కోఠిలో ఆ స్తంభాల భవనం కట్టించాడు. నేను చదువుకున్న ఉమెన్స్ కాలేజి అదే. అక్కడి మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాను గానీ, రాయలసీమను రాయించుకున్న మనిషి ఇల్లు అని ఎవరూ చెప్పలేదు.

బందరు_బాదుషా | మే 31, రాత్రి 11:20

అయితే నా వంతు. మా ఇంట్లో తాత దాకా అద్దకం పని చేశారు. 2015లో అదే లండన్ మ్యూజియంలో భారతీయ వస్త్రాల ప్రదర్శన పెట్టినప్పుడు పోవిస్ నుంచి టిప్పు గుడారం తెచ్చి నిలబెట్టారు. దాని కిందికి వెళ్ళి పైకి చూశాను. తెల్లటి నూలు నేల, ఒక్కొక్క పట్టీలో తోరణం లాంటి గూడు, గూటిలో కుండీ, కుండీలోంచి రెండు పక్కలా సమానంగా ఎర్రపూల తీగ. యుద్ధానికి వెళ్ళే మనిషి తల మీద పూలతోట కప్పుకుని పడుకునేవాడన్న మాట.

మా బందరు పని కాదు అది, మా చేతి గీత నాకు తెలుసు. కానీ ఎరుపు చూడగానే ఒంట్లో ఏదో కదిలింది. చెరువులో ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ ఉతికితే గానీ రాని ఎరుపు అది. ఆ గుడారాన్ని పోవిస్‌లో తోట విందులకు పందిరిగా వాడుకున్నారట. మీరు కూర్చుని చిత్రాన్నం తిన్న పచ్చిక మీదే అయ్యుండాలి.

గోదారి_గట్టు | జూన్ 1, ఉదయం 8:30

అందరూ ఒకే పాట పాడుతున్నారు, నేను కొంచెం అపశ్రుతి పలుకుతాను, ఏమీ అనుకోకండి. పిల్లలతో పూలు చూడటానికి వెళ్ళి, రెండు వందల ఏళ్ళనాటి లెక్కలు విప్పి కూర్చుంటే ఆ పిల్లలకు తోట గుర్తుంటుందా, దోపిడీ గుర్తుంటుందా? మన జమీందార్ల కోటలకు వెళ్ళినప్పుడు ఇది ఎవరి చెమట అని అడుగుతున్నామా? ఫోటోలు దిగి వస్తున్నాం.

ఇంకొకటి. రాబర్ట్ క్లైవ్ 1758లో బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డ్‌ను మన తీరానికి పంపాడు. ఊరికే పంపలేదు. విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో రమ్మని పిలిచాడు. మా పిఠాపురం పక్కన చందుర్తి పొలాల్లో ఆ డిసెంబరులో యుద్ధం. తర్వాతి ఏప్రిల్‌కి బందరు కోట వాళ్ళ చేతుల్లో పడింది. దొంగ వచ్చాడంటాం, తలుపు తీసింది ఎవరో చెప్పం.

బందరు_బాదుషా | జూన్ 1, ఉదయం 9:05

తలుపు తీసినవాడు రాజు. మగ్గం మీద ఉన్నవాణ్ణి ఎవరైనా అడిగారా?

గోదారి_గట్టు | జూన్ 1, ఉదయం 9:12

నేను అంటున్నదీ అదే కదండీ.

రైలు_పిచ్చి | జూన్ 1, ఉదయం 9:40

ఇద్దరూ ఒకే మాట అంటూ పోట్లాడుకోవడం తెలుగువాళ్ళకే చెల్లింది.

నిర్వాహకులు | జూన్ 1, ఉదయం 10:00

చర్చ బాగుంది, ఇలాగే మర్యాదగా సాగనివ్వండి. విజయనగరం సంస్థానం మీద లోతుగా మాట్లాడాలంటే చరిత్ర విభాగంలో వేరే అంశం తెరవండి.

కోఠి_కాలేజి | జూన్ 1, మధ్యాహ్నం 12:15

వేరే అంశం ఎందుకు, తోటా ఖజానా ఒకే ఇంటివి. నేషనల్ ట్రస్టే 2020 సెప్టెంబరులో తన ఆస్తుల్లో వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో ముడిపడ్డ 93 చోట్ల గురించి నివేదిక వేసింది, పోవిస్ అందులో ఉంది. ఇక్కడ దాని మీద పెద్ద రభస జరిగింది. అచ్చం గోదారి గారి మాటే చాలామంది ఆంగ్లేయులు అన్నారు: టీ తాగి పూలు చూడటానికి వస్తే ఇదంతా ఎందుకని.

గోదారి_గట్టు | జూన్ 1, మధ్యాహ్నం 12:31

నన్ను తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. బాగుంది.

మాధవి_బర్మింగ్‌హామ్ | జూన్ 1, రాత్రి 9:15

గోదారి గారూ, మీ ప్రశ్న సరైనదే. నేను కూడా తోవ పొడవునా ఇదే అనుకున్నాను, నాన్న పిల్లల సెలవు పాడుచేస్తారేమో అని. కానీ జరిగింది వేరు.

ఆ గదిలోంచి బయటికి వచ్చాక అమ్మ కనిపించలేదు. వెతికితే కింది తోటలో ఆపిల్ చెట్ల పక్కన బెంచీ మీద ఉంది. పాప పక్కన చేరి బోర్డు చదివి వినిపించింది. ఆ కింది తోటను 1911 తర్వాత మళ్ళీ తీర్చిదిద్దింది నాలుగో ఎర్ల్ భార్య వయొలెట్. అంతకుముందు అక్కడ కూరగాయల మళ్ళు, గాజుగదులు ఉండేవి. కోట మీద నుంచి చూస్తే అవి కంటికి ఆనడం లేదని తీయించి, గులాబీలు, పచ్చికలు వేయించింది. పెద్దకొడుకు 1916లో యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడు. ఆవిడ 1929లో కారు ప్రమాదం తర్వాత పోయింది. చిన్నకొడుకు 1943లో విమానం కూలి పోయాడు. భార్యా, ఇద్దరు కొడుకులూ పోయి ముసలాయన మిగిలాడు. 1952లో ఆయనా పోయాక కోట ట్రస్టుకు దక్కింది.

అమ్మకు టిప్పు పట్టలేదు, క్లైవ్ పట్టలేదు. "అంత తోటలో ఆ ముసలాయన సాయంత్రం ఎవరితో మాట్లాడేవాడు?" అంది. నాన్న అప్పటిదాకా ఉన్న వేడిలో ఏదో అనబోయి, ఆగి, ఆమె పక్కన కూర్చుని ఒబ్బట్టు తుంచి ఇచ్చారు.

నాకు ఆ రెండూ కావాలి. పులి తల గది కావాలి, ఈ బెంచీ కావాలి. ఒకటి చూశాను కాబట్టి రెండోది చూడను అనలేను. పిల్లల సంగతి అంటారా, బడిలో సెలవుల గురించి బొమ్మ వేయమంటే పాప నెమలిని వేసింది. నెమలి నోట్లో పల్లీ. మూలన నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా పడి ఉన్న కుర్చీ ఒకటి.

తోటపని_తాత | జూన్ 1, రాత్రి 10:02

ఒక్క సంగతి కలుపుతాను. పులి తల అందుకున్న ఆ హెన్రియెటా ఊరికే మేడలో కూర్చున్న మనిషి కాదు. 1800లో ఇద్దరు కూతుళ్ళను వెంటేసుకుని మద్రాసు నుంచి బెంగుళూరు, శ్రీరంగపట్నం, తంజావూరు మీదుగా ఏడు నెలలు, వెయ్యి మైళ్ళకు పైగా తిరిగింది. ఫార్సీ నేర్చుకుంది. మొక్కలు, రాళ్ళు, గవ్వలు పోగుచేసింది. చిన్నకూతురు షార్లట్ దినచర్య రాసుకుంది. తర్వాత విక్టోరియా రాణి చిన్నప్పుడు ఆమెకు పెద్ద పంతులమ్మగా ఉన్నది ఈ షార్లటే. గవర్నరు గారు మద్రాసులో ఉంటే ఈవిడ ఆయన ఏలే దేశం చూడటానికి వెళ్ళింది. తోటలో తిరిగేటప్పుడు నాకు క్లైవుల కంటే ఈవిడే ఎక్కువ గుర్తొస్తుంది.

మాధవి_బర్మింగ్‌హామ్ | జూన్ 1, రాత్రి 10:20

ఇది నాన్నకు చదివి వినిపించాను. "కూతుళ్ళతో తిరిగిన తల్లి దినచర్య కూడా రాయించింది. నువ్వు రాస్తున్నావా?" అని నా వైపు చూశారు. ఈ చర్చ చూపించాను. చత్వారపు అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. చందుర్తి దగ్గర ఆగి, "ఈ గోదావరి ఆయన చెప్పింది నిజమే" అన్నారు.

గోదారి_గట్టు | జూన్ 1, రాత్రి 10:26

మాస్టారు గారు మార్కులు వేశారు, ఇక నాకు చాలు. ఈసారి పులిహోరను చిత్రాన్నం అనడానికి కూడా సిద్ధం.

కొత్త_సభ్యురాలు_77 | జూన్ 12, రాత్రి 7:55

నమస్తే. ఈ చర్చ చదివి ఈ శనివారం పోవిస్ వెళ్తున్నాం. మాకు ఏడాదిన్నర పాప. వానొస్తే ఏం చేయాలి? తినడానికి అక్కడ దొరుకుతుందా?

మాధవి_బర్మింగ్‌హామ్ | జూన్ 12, రాత్రి 8:30

వానొస్తే ముందు గదులు చూసుకోండి, తగ్గాక తోట. తడిసిన రాతి మెట్లు జారతాయి, మంచి పట్టున్న చెప్పులు వేసుకోండి. టీ, కేకు, వేడి తిండి దొరుకుతాయి, కానీ ఇంటి నుంచి ఏదైనా పట్టుకెళ్ళండి, పల్లీలు లేకుండా.

ఒక సాయం చేయగలరా? సీసపు గొర్రెలకాపరుల బొమ్మలున్న వసారాలో ఎడమ చివర ఒక బెంచీ ఉంది. మా నాన్న కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ అక్కడే మరిచిపోయారని ఆయన నమ్మకం. ఎర్ర గళ్ళది, గుత్తి సంతలో కొన్నది. రెండు వారాలైంది, ఉంటుందని నాకు ఆశ లేదు. కానీ రోజూ అడుగుతున్నారు.